దీపం పడిపోతే ఏమవుతుంది?



ఈమధ్య మా ఆసుపత్రి ఫిజియోథెరపీ గదికి వచ్చినవారు కిటికీ పక్కన బల్లమీద వరుసగా పెట్టిన దీపాలను చూసే ఉంటారు. ఒకటి కొబ్బరి చిప్పతో చేసింది. ఒకటి పాలపొడి డబ్బాకు చిల్లులు పొడిచి చేసింది. ఇంకొకటి పిడి విరిగిన స్టీలు జల్లెడ. ఆ చివర ఉన్నది అడుగు చిరిగిపోయిన వెదురు బుట్ట. ఇవేవీ బజారులో కొన్నవి కావు. చేతులు కాలి, గాయాలు మానినా వేళ్లు సరిగా వంగక వ్యాయామానికి వస్తున్న కొందరు రోగులూ, వారికి తోడుగా కూర్చున్న స్త్రీల సమాజం సోదరీమణులూ కలిసి, ఇంట్లో పారేయబోయిన వస్తువులతో చేసినవి.

చూసినవారు చాలామంది "మాకు కూడా నేర్పండి" అని అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాసం. అయితే మా బల్ల దగ్గర ఒక నియమం ఉంది. ఎవరు కొత్త దీపం మొదలుపెట్టినా, సుత్తి చేతికి తీసుకోకముందే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి: "ఇది పడిపోతే ఏమవుతుంది?" అందం తరువాత, వెలుతురు తరువాత, ముందు ఈ సంగతి తేలాలి. ఈ నియమం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలంటే మన పాత బుడ్డి దీపం దగ్గర మొదలుపెట్టాలి.

బుడ్డి దీపం చేసిన గాయాలు

నలభై ఏళ్లు దాటినవారికి బుడ్డి దీపం గురించి వేరే చెప్పనక్కరలేదు. ఖాళీ అయిన మందు సీసా ఒకటి, మూతకు చిల్లు, ఆ చిల్లులో ఒక రేకు గొట్టం, అందులో పాత గుడ్డ వత్తి. సీసాలో కిరోసిన్. ఖర్చు దాదాపు లేదు. ఆ వెలుగులోనే వంట చేశాం, చదువుకున్నాం, పిల్లలకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్నాం. పారేసే వస్తువుతో పనికొచ్చే దీపం చేసుకోవడం మన పెద్దలకు కొత్త విద్య కాదు.

కాని ఆ దీపంలో మూడు లోపాలున్నాయి. మందు సీసా సన్నగా, పొడవుగా ఉంటుంది కనుక పిల్లవాడి చేయి తగిలినా, కొంగు తగిలినా పడిపోతుంది. గుండ్రంగా ఉంటుంది కనుక పడినచోట ఆగకుండా దొర్లుతుంది. మూత వదులుగా ఉంటుంది కనుక ఊడిపోయి నూనె ఒలుకుతుంది. ఆ నూనె వెంట మంట పాకుతుంది. పక్కనే చాప ఉంటే చాప, నైలాన్ చీర ఉంటే చీర అంటుకుంటుంది. మా పాత నర్సమ్మలను అడిగితే, కాలిన గాయాలతో వచ్చిన పిల్లలను, తల్లులను వాళ్లు ఇప్పటికీ మరచిపోలేదు.

పడకపోయినా ఆ దీపం మంచిది కాదు. 2012లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారం, చిమ్నీ లేని మామూలు వత్తి దీపంలో కాలే కిరోసిన్‌లో 7 నుంచి 9 శాతం నల్లటి మసిగా మారి గాలిలో కలుస్తుంది. దీపం పెట్టిన గూడు పైన గోడకు పట్టిన మసి మనం చూసిందే. అదే మసి ఊపిరితిత్తుల్లోకీ వెళుతుంది. ఇళ్లలో కిరోసిన్ వాడకం మానిపించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సూచించింది.

ఒక సర్జన్ తయారు చేసిన సీసా దీపం

ఇదే బాధ శ్రీలంకలోనూ ఉండేది. అక్కడ కూడా కరెంటు లేని ఇళ్లలో మందు సీసాలు, జామ్ సీసాలు, చివరకు కాలిపోయిన బల్బులతో కూడా కిరోసిన్ దీపాలు చేసుకునేవారు. వాటివల్ల కాలినవారికి వైద్యం చేసిన సర్జన్లలో డాక్టర్ విజయ గోడకుంబుర ఒకరు. గాయానికి కట్టు కట్టి పంపితే సరిపోదని, గాయం చేసిన దీపాన్నే మార్చాలని ఆయన 1990ల తొలినాళ్లలో ఆ పని చేపట్టారు.

ఆయనకు దారి చూపింది మార్మైట్ అనే పదార్థం అమ్మే సీసా. రొట్టెమీద రాసుకునే ఆ నల్లటి లేహ్యం సీసా పొట్టిగా, బరువుగా, పక్కలు చదునుగా ఉంటుంది. అది సులువుగా పడదు, పడినా దొర్లదు. అదే పోలికలో ఆయన చిన్న గాజు దీపం రూపొందించారు. మందమైన గాజు, రెండు చదును పక్కలు, బిగించి తిప్పే లోహపు మూత. దొర్లదు కనుక మంట దూరం పోదు. మూత ఊడదు కనుక నూనె ఒలకదు. దీన్ని వాడి పారేసిన గాజును కరిగించి ఫ్యాక్టరీలో తయారు చేయించారు. అతి తక్కువ ధరకు, పేదలకు ఉచితంగా కూడా పంచారు. పేరు 'సుదీప', అంటే మంచి దీపం. ఆ మాట మనకూ అర్థమవుతుంది. 1998లో ఆయనకు రోలెక్స్ అవార్డు వచ్చింది. తరువాతి సంవత్సరాలలో లక్షల దీపాలు శ్రీలంక ఇళ్లకు చేరాయి.

ఇందులో కొత్త యంత్రమేమీ లేదని గమనించండి. అదే నూనె, అదే వత్తి, అదే గాజు. దీపం ఒకరోజు పడుతుందని ముందే ఒప్పుకొని దాని ఆకారం నిర్ణయించారు. అంతే తేడా. మా బల్ల దగ్గరి ప్రశ్న మేము నేర్చుకున్నది ఈ దీపం దగ్గరే.

ఇప్పుడు చాలా ఇళ్లలో కిరోసిన్ లేదు, నిజమే. కాని 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు ఎన్నో రోజులు కరెంటు లేదు. అలాంటప్పుడు గ్లాసులో కొవ్వొత్తి, మూతలో నూనె వత్తి మళ్లీ బయటికి వస్తాయి. పాత ప్రమాదమూ వాటి వెంటే వస్తుంది.

మంట అసలే లేని దీపం

బ్రెజిల్ దేశంలోని ఉబెరాబా పట్టణంలో అల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో ఒక దీపం చేశారు. ఆ రోజుల్లో అక్కడ కరెంటు కోతలు ఎక్కువ. ఆయన రెండు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, నాచు పట్టకుండా రెండు మూతల బ్లీచింగ్ ద్రవం కలిపి, పైకప్పుకు చిల్లు చేసి సీసాను అందులో కొంత బయట, కొంత లోపల ఉండేలా బిగించారు. పైన పడిన ఎండ నీటిలో వంగి గది నలుమూలలా చెదురుతుంది. ఎండను బట్టి 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుగు వస్తుంది. కిటికీ లేని రేకుల ఇళ్లలో పగటిపూట ఇది ఎంతో మేలు. 2011 నుంచి ఫిలిప్పీన్స్‌లో ఇదే పద్ధతిని వేల ఇళ్లకు అమర్చారు. రాత్రికి ఇది పనిచేయదు. అయినా, పడిపోయినా ఎవరినీ కాల్చని దీపం ఇదొకటి.

మన దగ్గరి ఉదాహరణ ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మేక, గొర్రె తోలును శుభ్రం చేసి వెలుతురు దూరేంత పలుచగా చేసి, బొమ్మ గీసి, చిన్న ఉలులతో చిల్లులు కొట్టి, రంగులు అద్దుతారు. ఆట చూసేవారు తగ్గిన తరువాత ఆ చేతులే తోలు దీపాలు చేయడం మొదలుపెట్టాయి. ఇనుప తీగతో కుండ ఆకారంలో చట్రం కట్టి, దానిచుట్టూ రంగుల తోలు కుడతారు. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. తెర వెనుక దీపం పెట్టి బొమ్మను చూపించిన విద్యే ఇప్పుడు బొమ్మ లోపల దీపం పెట్టి ఇంటిని అలంకరిస్తోంది. ఆ పనిలోని ఒక సూత్రాన్ని మేమూ తీసుకున్నాం. వెలుతురు చిల్లులోంచి వస్తుంది కనుక, అందమంతా చిల్లులు ఎక్కడ పెడతామో అక్కడే ఉంది.

మేము చేసిన పొరపాటు

మొదట్లో మేము కూడా తప్పు చేశాం. పాత పెళ్లి పత్రికల అట్టలు అతికించి క్రిస్మస్‌కు ఒక పెద్ద నక్షత్రం చేశాం. మూలన పడివున్న పాత 60 వాట్ల బల్బు లోపల పెట్టాం. నక్షత్రం ఎంతో బాగుంది. రెండు గంటల తరువాత ఎవరో "ఏదో మాడుతున్న వాసన" అన్నారు. దించి చూస్తే, బల్బుకు ఎదురుగా ఉన్న అట్ట అరచేతి వెడల్పున గోధుమరంగుకు తిరిగింది. ఇంకాసేపుంటే ఏమయ్యేదో మాకు తెలుసు. కాలిన గాయాలకు కట్లు కట్టే చోటే ఆ నక్షత్రం వేలాడింది.

తీగ వేడెక్కి వెలిగే పాతకాలం బల్బు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. దాని గాజు వంద డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అంతే వెలుతురుకు ఎల్‌ఈడీ బల్బుకు సుమారు 9 వాట్లు చాలు, వేడి చాలా తక్కువ. ఆ రోజునుంచి మా బల్లమీదికి పాత బల్బు రాలేదు.

ఏ వస్తువులు మంచివి, ఏవి వద్దు

మంచివి: పాలపొడి, బిస్కట్ల డబ్బాలు, కొబ్బరి చిప్పలు, స్టీలు జల్లెడలు, పగుళ్లు లేని గాజు సీసాలు, గట్టి వెదురు బుట్టలు.

వద్దనేవి:

1. పురుగుమందుల డబ్బాలు, సీసాలు. ఎన్నిసార్లు కడిగినా ఇంట్లోకి తేవద్దు.

2. కాలిపోయిన ట్యూబులైట్లు, సి.ఎఫ్.ఎల్. బల్బులు. వాటిలో పాదరసం ఉంటుంది. పగిలితే ఆ ఆవిరి పీల్చుకుంటాం.

3. పాత లాప్‌టాప్, ఫోన్ బ్యాటరీలు. లోపల దెబ్బతిన్న లిథియం బ్యాటరీ ఉన్నట్టుండి అంటుకోవచ్చు.

4. బొత్తాం బ్యాటరీలు, చిన్నపిల్లలున్న ఇంట్లో. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి రావాలి.

5. పి.వి.సి. పైపును నిప్పుమీద కాల్చి వంచడం. ఆ పొగ కళ్లకు, ఊపిరికి హాని చేస్తుంది.

ఇంకొక మాట. గాజు సీసా కోయడానికి దారాన్ని కిరోసిన్‌లో ముంచి, సీసాకు చుట్టి, అంటించే పద్ధతి చాలామందికి తెలుసు. దయచేసి చేయకండి. దీపం చేయబోయి చేయి కాల్చుకోవడం అవుతుంది. సీసాను కోయకుండా అలాగే ఉంచి, లోపలికి సన్నని ఎల్‌ఈడీ తీగ దింపితే చాలు.

డబ్బా దీపం చేసే పద్ధతి

కొత్తగా నేర్చుకునేవారికి పాలపొడి డబ్బా సులువు. కావలసినవి: మూతతో సహా డబ్బా ఒకటి, రెండు సైజుల మేకులు, సుత్తి, ఆకురాయి, తడి ఇసుక, గులకరాళ్లు, చార్జింగు ఎల్‌ఈడీ లైటు లేదా ఫోన్ చార్జరుకు తగిలించే 5 వోల్టుల ఎల్‌ఈడీ తీగ.

1. డబ్బా చుట్టుకొలతకు సరిపడా కాగితం కత్తిరించి, దానిమీద చుక్కలతో ముగ్గు గీయండి. మన ఆడవాళ్లకు చుక్కల ముగ్గు కొత్త కాదు. ప్రతి చుక్కా ఒక చిల్లు అవుతుంది. కిందినుంచి మూడు అంగుళాలు చిల్లులు లేకుండా వదలండి.

2. కాగితాన్ని డబ్బాకు అతికించండి. డబ్బాలో తడి ఇసుక గట్టిగా కూరి మూత పెట్టండి. లోపల ఖాళీ ఉంటే సుత్తి దెబ్బకు రేకు సొట్టపడుతుంది.

3. డబ్బాను మడిచిన గోనె సంచిమీద పడుకోబెట్టి, చుక్క చుక్కకూ మేకుతో చిల్లు పొడవండి. వెలుతురు ఎక్కువ కావాలంటే పెద్ద మేకు.

4. ఇసుక తీసి, కడిగి ఆరబెట్టి, చిల్లుల అంచులను ఆకురాయితో రుద్దండి. లోపలి అంచులు బ్లేడులా ఉంటాయి కనుక మందపాటి చేతి తొడుగులు వేసుకోండి.

5. డబ్బా అడుగున రెండు అంగుళాల మందాన గులకరాళ్లు పోయండి. ఈ బరువే దీపాన్ని నిలబెడుతుంది.

6. లైటును రాళ్లమీద కదలకుండా అమర్చండి. తీగ బయటికి వచ్చే చిల్లుకు పాత సైకిలు ట్యూబు ముక్క తొడగండి. లేకపోతే రేకు అంచు తీగను కోస్తుంది.

కొబ్బరి చిప్పకైతే పీచు గీకి, గరుకు కాగితంతో నునుపయ్యేదాకా రుద్ది, చేతి డ్రిల్లుతో నెమ్మదిగా చిల్లులు వేయాలి. చివరగా కొంచెం కొబ్బరినూనె రాస్తే నిగనిగలాడుతుంది. బోర్లించిన చిప్ప పడినా పగలదు.

ఇంటి కరెంటు 230 వోల్టులు. రేకు డబ్బాలో ఆ కరెంటు పెడితే, ఒక్క తీగ లోపల రేకుకు తగిలినా డబ్బా మొత్తం షాక్ కొడుతుంది. కనుక ఇంట్లో చేసే రేకు దీపాలకు బ్యాటరీ లేదా 5 వోల్టులే వాడండి. పెద్ద బల్బే కావాలంటే ఎర్తు తీగతో, మూడు పిన్నుల ప్లగ్గుతో ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోండి.

మూడు పరీక్షలు

దీపం పూర్తయ్యాక మేము మూడు పరీక్షలు పెడతాం.

తోసి చూడండి. వెలుగుతుండగానే ఒక వేలితో పైఅంచును నెట్టండి. తిరిగి నిలబడాలి. పడిపోతే అడుగున ఇంకొంచెం బరువు పెట్టండి.

తాకి చూడండి. గంటసేపు వెలిగించి, తీసేసి, బయట అన్నివైపులా చేయి పెట్టండి. చేయి అక్కడే ఉంచలేనంత వేడి ఎక్కడ తగిలినా ఆ దీపం ఇంట్లో వద్దు.

లాగి చూడండి. తీగను గట్టిగా ఒకసారి లాగండి. లోపలి అతుకు కదలకూడదు. కదిలితే తీగకు లోపలివైపు ముడి వేయండి.

చేతికి మందు, చేతికి పని

కాలిన గాయం మానేటప్పుడు చర్మం బిగుసుకుంటుంది. వేళ్లను కదల్చకుండా ఉంచితే వంకరగా అలాగే నిలిచిపోతాయి. అందుకే గాయం మూసుకోగానే వ్యాయామం మొదలుపెట్టమంటాం. కాని ఊరికే వేళ్లు ముడిచి తెరవమంటే రోజుకు పదిసార్లు చేసి విసుగుపడతారు. అదే మేకు పట్టుకొని చుక్కమీద నిలపమంటే, గరుకు కాగితంతో చిప్ప రుద్దమంటే గంట గడిచినా లేవరు. ఒక తల్లి తన డబ్బా దీపానికి చివరి చిల్లు పొడిచాక, "ఈ చేత్తోనేనా చేశాను?" అని చేయి తిప్పి తిప్పి చూసుకున్నారు. బొటనవేలు చూపుడువేలిని తాకడం ఆమెకు అప్పటికి నెల రోజుల కిందటివరకు వీలుకాని పని.

షుగరువల్ల గాని, కుష్ఠువల్ల గాని చేతుల్లో స్పర్శ తగ్గినవారు ఈ పని తప్పక తొడుగులతోనే చేయాలి. వేడిని వారు తాకి చూడకూడదు, ఇంకొకరిచేత చూపించాలి. పని అయ్యాక వెలుతురులో చేతులు రెండూ తిప్పి చూసుకోవాలి. తెగినా తెలియదు కనుక కన్నే కాపలా.

ఎవరైనా కాలితే

ఎంత జాగ్రత్తపడినా ప్రమాదం జరగవచ్చు. బట్టలు అంటుకుంటే పరుగెత్తవద్దు, నేలమీద పడి దొర్లాలి. మంట ఆరగానే కాలినచోట మామూలు చల్లని నీరు 20 నిమిషాలపాటు ధారగా పోయాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. ఐసు, పేస్టు, ఇంకు, పసుపు, నెయ్యి, పేడ ఏదీ రాయవద్దు. బొబ్బలు చితపవద్దు. శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకురండి. అరచేయికన్నా పెద్ద గాయమైనా, ముఖం, చేతులు, మర్మావయవాలు కాలినా, పసిపిల్లలైనా, వృద్ధులైనా ఆలస్యం చేయవద్దు. 108కి ఫోన్ చేయండి. కరెంటువల్ల కాలితే పైకి చిన్న మచ్చే కనబడినా లోపల దెబ్బ ఎక్కువ ఉండవచ్చు, తప్పక చూపించుకోవాలి. అయితే ముందు మెయిన్ స్విచ్ ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు.

ఇంకా ఎవరింట్లోనైనా కిరోసిన్ ఉంటే కూల్‌డ్రింకు సీసాలో పోసి పెట్టవద్దు. పిల్లలు నీళ్లనుకొని తాగుతారు. తాగితే వాంతి చేయించవద్దు. వాంతిలో కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. వెంటనే తీసుకురండి.

చివరగా ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 1,80,000 మంది కాలిన గాయాలతో చనిపోతున్నారు. వీటిలో చాలా ప్రమాదాలు తప్పించగలిగినవే. ఈ వారం మీ ఇంట్లో వెలిగే దీపాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. కొవ్వొత్తి అయినా, నూనె దీపమైనా, మీరే చేసిన డబ్బా దీపమైనా, పిల్లలను పక్కన నిలబెట్టుకొని ఆ ఒక్క ప్రశ్న అడగండి. "ఇది పడిపోతే ఏమవుతుంది?" జవాబు మీకు నచ్చకపోతే ఆ దీపాన్ని వెంటనే మార్చండి. చేయడం తెలియకపోతే ఒక ఖాళీ డబ్బా పట్టుకొని మా ఫిజియోథెరపీ గదికి రండి. మేకులు, సుత్తి మా దగ్గర ఉన్నాయి.